పిఐ3 కైనేజ్‌ను ఆపితే మాక్రోఫేజ్ పెద్ద పూసను సగం మింగి ఎందుకు ఆగిపోతుంది?

కడప ఎమ్మెస్సీ

అందరికీ నమస్కారం. నేను కడపలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. పై వారం క్లాసులో సెమినార్ ఉంది. మాక్రోఫేజ్ (క్రిములను మింగే తెల్ల కణం) దేన్నైనా మింగేటప్పుడు కణత్వచంలోని లిపిడ్లు లోపలి యాక్టిన్‌ను, అంటే త్వచాన్ని తోసే ప్రొటీన్ తీగలను, ఎలా నడిపిస్తాయి అనేది టాపిక్. ఎవరూ అంటగట్టలేదు, నేనే అడిగి తీసుకున్నాను.

కారణం కిందటి సెమిస్టర్ ప్రాక్టికల్. రక్తంలోంచి తెల్ల కణాల పొర తీసి, దాంట్లో ఈస్ట్ కలిపి, 37 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, స్మియర్ చేసి లీష్మన్ స్టెయిన్ వేసి చూశాం. ఆయిల్ ఇమ్మర్షన్ కింద ఒక న్యూట్రోఫిల్ (ఇదీ మింగే తెల్ల కణమే) లోపల ఈస్ట్ కణాలు గుండ్రంగా, ఒక్కోదాని చుట్టూ సన్నటి తెల్లని అంచుతో కనిపించాయి. దాని పక్కనే ఇంకో న్యూట్రోఫిల్ ఒక ఈస్ట్‌ను సగం వరకు కప్పుకుని అట్లే నిలిచిపోయి ఉంది. స్మియర్ ఆరే వేళకు అది ఎంతదాకా వచ్చిందో అంతవరకే. ఆ సగం కప్పు అప్పటి నుంచి నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు నా చిక్కు చెప్తాను. మా పుస్తకంలో ఉన్నది రెండు వాక్యాలు: యాంటీబాడీ పూసిన కణం రిసెప్టర్‌కు అతుక్కుంటుంది, యాక్టిన్ పాలిమరైజ్ అయి త్వచాన్ని ముందుకు తోసి మింగేస్తుంది. సరే అనుకున్నాను. కానీ పేపర్లు చదివితే, వర్ట్‌మానిన్ అనే మందుతో పిఐ3 కైనేజ్ అనే ఎంజైమ్‌ను ఆపినప్పుడు యాంటీబాడీ పూసిన చిన్న పూసలను మాక్రోఫేజ్ మామూలుగానే మింగుతోంది, పెద్ద పూసల దగ్గర మాత్రం సగం కప్పి ఆగిపోతోంది. సిగ్నల్ ఆపాం కాబట్టి యాక్టిన్ తక్కువగా ఉంటుందని అనుకుంటాం కదా. బొమ్మలో చూస్తే పూస అడుగున యాక్టిన్ దట్టంగా మెరుస్తోంది! సిగ్నల్ తగ్గితే యాక్టిన్ పెరగడమేంటి? పెరిగినా మింగలేకపోవడమేంటి? సైజుకూ దీనికీ సంబంధం ఏంటి? పైగా ఈ లిపిడ్లు త్వచంలో నూటికి ఒకటో రెండో ఉంటాయట. అంత కొంచెం లిపిడ్ ఇంత పని ఎలా చేస్తుంది? తెలిసినవాళ్ళు కొంచెం విడమరిచి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కేసీ కెనాల్

అమ్మా, టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు. బొమ్మను బొమ్మలా చూసి ప్రశ్న అడిగావు, సగం పని అయిపోయినట్టే. నేను కర్నూలులో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్తాను. పీహెచ్‌డీ రోజుల్లో మాక్రోఫేజ్‌ల మీదే పనిచేశాను, కాన్ఫోకల్ మైక్రోస్కోప్ ముందు కూర్చుని, మింగేదాని చుట్టూ గిన్నెలా లేచే ఈ త్వచం కప్పులు తెరుచుకోవడం, మూసుకోవడం చూస్తూ రాత్రిళ్ళు గడిపాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

మింగడంలో యాక్టిన్‌ను కట్టడం ఒక పని, కట్టిన యాక్టిన్‌ను సమయానికి విప్పడం ఇంకో పని. మీ పుస్తకం మొదటిదే రాసి వదిలేసింది. పిఐ3 కైనేజ్ ముఖ్యంగా రెండోదానికి కావాలి. దాన్ని ఆపితే కట్టడం ఆగదు, విప్పడం ఆగుతుంది. నీ బొమ్మలో అడుగున మెరుస్తున్నది విప్పకుండా మిగిలిపోయిన యాక్టిన్.

ఇక లిపిడ్ల సంగతి. త్వచం లోపలి వైపున ఫాస్ఫాటిడైల్ ఇనోసిటాల్ అనే లిపిడ్ ఉంటుంది. దాని తల ఇనోసిటాల్ చక్రం. ఆ చక్రం మీద 3, 4, 5 స్థానాల్లో ఫాస్ఫేట్‌ను ఎక్కించొచ్చు, దించొచ్చు. ఎక్కించేవి కైనేజ్‌లు, దించేవి ఫాస్ఫటేజ్‌లు. ఎక్కడెక్కడ ఎక్కిందన్నదాన్ని బట్టి మొత్తం ఏడు రకాలు వస్తాయి. నీ సెమినార్‌కు మూడు చాలు. 4, 5 స్థానాల్లో ఫాస్ఫేట్లు ఉన్నది పిప్2. దానికి 3వ స్థానంలో ఇంకొకటి చేరిస్తే పిప్3, చేర్చేది పిఐ3 కైనేజ్. మింగడం పూర్తయ్యాక ఫాగోసోమ్ (మింగినది ఉండే తిత్తి) మీద కనిపించేది పిఐ3పి, ఒక్క 3వ స్థానంలోనే ఫాస్ఫేట్ ఉన్నది.

నూటికి ఒకటి రెండు పాళ్ళతో ఎలా అని అడిగావు. పిప్2 తల మీద దాదాపు నాలుగు ఋణావేశాలు ఉంటాయి, త్వచంలో మామూలుగా దొరికే ఏ ఫాస్ఫోలిపిడ్‌కూ అన్ని ఉండవు. ధనావేశం ఉన్న ప్రొటీన్లు వచ్చి దాన్ని పట్టుకుంటాయి. పట్టుకున్న ప్రొటీన్లలో కొన్ని మేలుకుంటాయి, కొన్ని పని మానేస్తాయి. యాక్టిన్ విషయంలో ఈ రెండూ ఒకేవైపు మొగ్గు చూపుతాయి. డబ్ల్యూఏఎస్‌పీ అనే ప్రొటీన్ పిప్2ను, సీడీసీ42 అనే సిగ్నల్ ప్రొటీన్‌ను కలిపి పట్టుకుంటే తెరుచుకుని ఆర్ప్2/3ని లేపుతుంది. ఆర్ప్2/3 పాత యాక్టిన్ తీగ పక్క నుంచి దాదాపు 70 డిగ్రీల కోణంలో కొత్త కొమ్మ వేస్తుంది. మరోపక్క తీగలను తెగ్గొట్టే కోఫిలిన్, జెల్సోలిన్, తీగ కొసకు మూత వేసే క్యాపింగ్ ప్రొటీన్, వీటిని పిప్2 పట్టుకుని పని చేయనివ్వదు. అంటే పిప్2 ఉన్నచోట యాక్టిన్ పెరుగుతుంది, పెరిగింది నిలుస్తుంది. పిప్2 పోతే రెండూ తలకిందులవుతాయి.

ఇప్పుడు కప్పు దగ్గరికి వద్దాం. యాంటీబాడీ పూసిన పూస తగలగానే, యాంటీబాడీని పట్టుకునే ఎఫ్‌సీ గామా రిసెప్టర్లు ఒకచోట చేరతాయి. వాటి తోకల్లోని ఐటామ్ అనే భాగానికి సార్క్ కుటుంబం కైనేజ్‌లు ఫాస్ఫేట్ పెడతాయి, దాని మీదికి సిక్ కైనేజ్ వచ్చి కూర్చుంటుంది. అక్కడి నుంచి సిగ్నల్ పిఐ3 కైనేజ్‌కు, ఫాస్ఫోలైపేజ్ సీ గామాకు పోతుంది. మొదటి నిమిషంలో కప్పు దగ్గర పిప్2 పెరుగుతుంది. ఆ వెంటనే అడుగు భాగంలో పడిపోతుంది, అంచుల్లో మాత్రం ఉంటుంది. ఈ పెరిగి పడిపోవడాన్ని బతికున్న కణంలో చూపింది టొరంటోలో సర్జియో గ్రిన్‌స్టీన్ బృందం, రాబర్టో బొతెల్హో ముఖ్య రచయితగా 2000లో. పిప్2ను పట్టుకునే పీహెచ్ డొమైన్ అనే ప్రొటీన్ ముక్కకు జీఎఫ్‌పీ అనే వెలిగే ప్రొటీన్ తగిలించి, ఆకుపచ్చ వెలుగు ఎక్కడ పెరుగుతోందో, ఎక్కడ ఆరిపోతోందో చూశారు.

అడుగున పిప్2 రెండు దారుల్లో పోతుంది. ఫాస్ఫోలైపేజ్ సీ దాన్ని నరికి డీఏజీ, ఐపీ3 అనే రెండు ముక్కలు చేస్తుంది. పిఐ3 కైనేజ్ దాన్ని పిప్3గా మారుస్తుంది. 2005లో అదే బృందం ఒక అందమైన ప్రయోగం చేసింది. పిప్2ను తయారుచేసే కైనేజ్‌ను కణంలో ఎక్కువగా పెట్టి, పిప్2 తగ్గకుండా చూశారు. యాక్టిన్ అడుగు నుంచి కదల్లేదు, మింగడం ఆగిపోయింది. నీ మొదటి ప్రశ్నకు ఇంతకంటే నేరుగా జవాబిచ్చే ప్రయోగం నాకు తెలియదు. యాక్టిన్‌కు అనుకూలమైన లిపిడ్‌ను ఎక్కువ చేస్తే మింగడం ఆగింది! ఈ బొమ్మను నీ స్లైడ్లలో తప్పక పెట్టు.

ఇక సైజు. మాది నందికొట్కూరు దగ్గర కేసీ కాలువ కింద పొలం. కాలువ నీళ్ళు వంతుల లెక్కన వస్తాయి. పై మడి తడిశాక మడవ కట్టి నీళ్ళు తిప్పకపోతే కింది మడి ఎండుతుంది, పైది మురుగుతుంది. కణంలో యాక్టిన్, ఆర్ప్2/3 కూడా లెక్కకు ఉన్నంతే. అడుగున కట్టింది విప్పితేనే ఆ సరుకు అంచుకు చేరుతుంది. 1 మైక్రాన్ పూసకు ఈ బాధ లేదు, అడుగూ అంచూ పక్కపక్కనే, విప్పే అవసరం వచ్చేలోపే మూసేస్తుంది. 8 మైక్రాన్ల పూస ఉపరితలం దానికి 64 రెట్లు. అంత దూరం అంచు పాకాలంటే వెనకాల విప్పుకుంటూ పోవాల్సిందే. 

పిప్3 ఆ విప్పడాన్ని ఎలా చేయిస్తుందో 2015లో బయటపడింది. పిఐ3 కైనేజ్ పనిచేస్తున్నప్పుడు ఏఆర్‌హెచ్‌గ్యాప్12, ఏఆర్‌హెచ్‌గ్యాప్25, ఎస్‌హెచ్3బీపీ1 అనే మూడు ప్రొటీన్లు కప్పు దగ్గర చేరతాయి. ఇవి రాక్ అనే ఇంకో సిగ్నల్ ప్రొటీన్‌ను, సీడీసీ42ను ఆపేవి. ఆ రెండూ ఆగితే ఆర్ప్2/3ని లేపేవాళ్ళుండరు, కొత్త కొమ్మలు పడవు. వర్ట్‌మానిన్ వేస్తే ఈ గ్యాప్‌లు రావు, సీడీసీ42 అడుగున పనిచేస్తూనే ఉంటుంది, యాక్టిన్ పేరుకుంటుంది. ఒక్కటి మాత్రం మరిచిపోకు: పెద్ద పూసను కప్పడానికి కొత్త త్వచం కూడా కావాలి, లోపలి తిత్తులు వచ్చి కప్పు దగ్గర కలిసిపోవాలి. దానికీ పిఐ3 కైనేజ్ సాయం ఉంది. ఎవరైనా "యాక్టిన్ ఒక్కటేనా కారణం?" అని అడిగితే ఇది చెప్పు.

అనంత ల్యాబ్

మేడం గారు రాసింది చదువుతుంటే మళ్ళీ క్లాసులో కూర్చున్నట్టు ఉంది. నేను అనంతపురంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. చెల్లెమ్మా, నీ స్లైడ్ మీద ఈస్ట్ చుట్టూ కనిపించిన తెల్లని అంచు గురించి ఒక మాట. ఈస్ట్‌కు దాని గోడ ఉంటుంది, దాని చుట్టూ ఫాగోసోమ్ ఖాళీ ఉంటుంది. అంచు అన్నివైపులా సమానంగా ఉండి, మైక్రోస్కోప్ ఫోకస్ కొంచెం కొంచెం తిప్పినప్పుడు ఈస్ట్, న్యూట్రోఫిల్ న్యూక్లియస్ ఒకే ఎత్తులో తేలితే అది లోపల ఉన్నట్టు. ఈస్ట్ ముందు తేలి న్యూక్లియస్ తర్వాత తేలితే అది పైన అతుక్కుని ఉంది, లోపల లేదు. మేం చీము స్మియర్లలో బ్యాక్టీరియా కణం లోపల ఉందా బయట ఉందా అని రిపోర్ట్ రాసేటప్పుడు ఇట్లే చూస్తాం. సెమినార్‌లో స్లైడ్ ఫోటో చూపిస్తే ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు.

ఇంకోటి. మేడం డబ్ల్యూఏఎస్‌పీ అన్నారు కదా, అది పుట్టుకతో సరిగా లేని పిల్లలు ఉన్నారు. విస్కాట్ ఆల్డ్రిచ్ సిండ్రోమ్. ఎక్స్ క్రోమోజోమ్ మీది జీన్ కాబట్టి మగపిల్లలకే ఎక్కువ. మాకు స్మియర్‌లో తెలిసే గుర్తు ఏమంటే ప్లేట్‌లెట్లు తక్కువే కాదు, సైజు కూడా చిన్నవి. మామూలుగా ప్లేట్‌లెట్లు తగ్గిన కేసుల్లో పెద్దవి కనిపిస్తుంటాయి. అందుకే మగబిడ్డ, చర్మం మీద ఎగ్జిమా, చెవి చీము మళ్ళీ మళ్ళీ, చిన్న ప్లేట్‌లెట్లు అన్నీ కలిస్తే డాక్టర్‌కు వెంటనే చెప్పాలని మా సీనియర్ నేర్పించాడు. ఆ పిల్లల మాక్రోఫేజ్‌లలో యాక్టిన్ కప్పు సరిగా కట్టుకోదు. ఒక్క ప్రొటీన్ లిపిడ్ మాట వినకపోతే బిడ్డ ఆరోగ్యం ఇంత దెబ్బతింటుంది. ఈ ముక్క స్లైడ్‌లో ఉంటే బయోకెమిస్ట్రీ అంటే విసుగు పడేవాళ్ళు కూడా తలెత్తి చూస్తారు.

వీలైతే డేవిడ్ రోజర్స్ తీసిన పాత ఫిల్మ్ చూడు. 1950ల్లో అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో తీసింది. ఎర్ర కణాల మధ్య సందులు చేసుకుంటూ ఒక న్యూట్రోఫిల్ స్టెఫైలోకాకస్‌ను తరిమి తరిమి పట్టుకుంటుంది. నెట్‌లో దొరుకుతుంది, ఒక నిమిషం కూడా ఉండదు.

కడప ఎమ్మెస్సీ

మేడం, అన్నా, ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్. 64 రెట్లు అనేసరికి సైజు సంగతి అర్థమైపోయింది. ఫోకస్ తిప్పి చూసే పద్ధతి రేపే ల్యాబ్‌లో చేస్తాను.

మేడం, ఒకటి అడగాలి. వర్ట్‌మానిన్ ఇచ్చినా చిన్న పూస లోపలికి పోతుంది కదా. పోయాక దాని సంగతేంటి? అక్కడితో అంతా మామూలేనా? మీరు మూడో లిపిడ్ పిఐ3పి అని చెప్పి వదిలేశారు.

కేసీ కెనాల్

మంచి ప్రశ్న, వదిలేసింది నిజమే. మామూలు కాదు. పూస లోపలికి పోతుంది గానీ జీర్ణం కాదు.

మూత పడిన ఒకటి రెండు నిమిషాల్లో ఫాగోసోమ్ త్వచం మీద పిప్3 ఆరిపోయి పిఐ3పి వస్తుంది. దీన్ని తయారుచేసేది వేరే కైనేజ్, వీపీఎస్34. వర్ట్‌మానిన్ దాన్ని కూడా ఆపుతుంది. పిఐ3పి ఓ పది నిమిషాలు ఉంటుంది. ఎఫ్‌వైవీఈ అనే డొమైన్ ఉన్న ఈఈఏ1 లాంటి ప్రొటీన్లు దాన్ని పట్టుకుంటాయి. అవి ఎండోసోమ్‌లు అనే లోపలి తిత్తులను కలుపుతాయి, ఆ తర్వాత జీర్ణం చేసే తిత్తి లైసోసోమ్ కలుస్తుంది, ఆమ్లం పెరుగుతుంది, మింగింది కరుగుతుంది. పిఐ3పి రాకపోతే ఈ వరుస మొదట్లోనే ఆగిపోతుంది.

ఇది పరీక్షల కోసం చదివే సంగతి మాత్రమే అనుకోవద్దు. క్షయ బ్యాక్టీరియా సరిగ్గా ఇక్కడే దెబ్బ కొడుతుంది. మాక్రోఫేజ్ దాన్ని మింగుతుంది, కానీ చంపలేకపోతుంది. బ్యాక్టీరియా గోడలోని లైపో అరాబినోమన్నాన్ పిఐ3పి తయారీకి అడ్డం పడుతుంది. పైగా ఆ బ్యాక్టీరియా శాప్‌ఎమ్ అనే ఫాస్ఫటేజ్‌ను విడుదల చేస్తుంది, అది ఉన్న పిఐ3పిని కూడా విరగ్గొడుతుంది. లైసోసోమ్ రాదు, క్రిమి అదే ఫాగోసోమ్‌లో కాపురం పెడుతుంది. మా ఊళ్ళో ఆరు నెలలు క్షయ మందులు మింగినవాళ్ళను చూస్తూ పెరిగాను. ఒక చక్రం మీది ఒక్క ఫాస్ఫేట్ గురించి ఇంత పోరాటం జరుగుతోందని పీహెచ్‌డీలో చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మన ప్రాంతంలో ఈ సబ్జెక్టు చదివే పిల్లలు ఇక్కడ ఆగి ఆలోచించాలని నా కోరిక.

పులివెందుల వాసి

నేను సైన్సు చదివినోణ్ణి కాదు, మా చెల్లెలు ఈ లింక్ పంపిస్తే చదివినాను. సగం అర్థమైంది, సగం కాలేదు. కానీ "సగం మింగి ఆగిపోవడం" అనేది చూసి ఒకటి అడగాలనిపించింది. మా పులివెందుల వైపు ఒకప్పుడు రాతినార గనులు నడిచేవి. మా పెద్దనాన్న చిన్న వయసులో గనిలో పని చేసినాడు. రాయి పగలగొడితే లోపల తెల్లగా, పట్టుదారం మాదిరి పోగులు పోగులుగా ఉండేదని, గోటితో గీరితే విడిపోయేదని చెప్పేవాడు. ముసలితనంలో దగ్గు, ఆయాసం. డాక్టరు ఎక్స్‌రే చూసి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందన్నాడు. ఊపిరితిత్తుల్లో కూడా ఈ మింగే కణాలు ఉంటాయి కదా మేడం, అవి ఆ దుమ్మును ఎందుకు తీసేయలేకపోయినాయి?

కేసీ కెనాల్

మీరు అడిగింది ఈ థ్రెడ్‌లో అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న అండి. పెద్దనాన్న గారి సంగతి చదివి బాధ కలిగింది.

మీ వైపు దొరికేది క్రైసోటైల్ అనే తెల్ల ఆస్బెస్టాస్. రాయి నలిగినప్పుడు అది పొడి కాదు, మీరన్నట్టు పోగులుగా చీలుతుంది. ఎంత చీల్చినా ఇంకా సన్నటి పోగే వస్తుంది. అంత సన్నగా ఉండబట్టే గాలిలో తేలి ఊపిరితిత్తుల చివరి గదులదాకా పోతుంది. అక్కడ మాక్రోఫేజ్‌లు కాపలా ఉంటాయి. పొట్టి పోగులను అవి మింగి పైకి తెచ్చేయగలవు. కానీ 20 మైక్రాన్లు, అంతకంటే పొడవున్న పోగు ఆ కణం కంటే పొడుగు. కణం ఒక కొస నుంచి మింగడం మొదలుపెడుతుంది, త్వచం పోగు వెంట పాకుతూనే ఉంటుంది, రెండో కొస అందదు, మూత పడదు. మాక్రోఫేజ్ శాస్త్రం చదివేవాళ్ళు దీన్ని విఫల భక్షణ అంటారు.

మూత పడకపోవడం వల్ల ఇంకో నష్టం ఉంది. మింగినదాన్ని చంపడానికి కణం ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే యంత్రాంగంతో ఘాటైన ఆక్సిజన్ పదార్థాలు తయారుచేస్తుంది. ఆ యంత్రాంగం భాగాలు త్వచం మీద సరైనచోట చేరడానికి కూడా ఇవే ఫాస్ఫోఇనోసిటైడ్ లిపిడ్లు కావాలి. అవి మూసిన ఫాగోసోమ్ లోపలికి పడాలి. కప్పు తెరిచే ఉంటే బయటికి, ఊపిరితిత్తి కణజాలం మీదికి పడతాయి. దానికి తోడు కణం ఇంటర్‌ల్యూకిన్-1 బీటా విడుదల చేసి ఇంకా కణాలను పిలుస్తుంది. అవి వస్తాయి, అవీ మింగలేవు. పొడుగు పోగు అంత తేలిగ్గా అరగదు, కరగదు. ఏళ్ళ తరబడి ఇదే జరిగితే ఆ చోట మచ్చకట్టి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. అందుకే పని మానేసిన దశాబ్దాల తర్వాత కూడా ఆయాసం బయటపడుతుంది. మాక్రోఫేజ్‌లు అలసట లేకుండా పనిచేశాయి, ఆ పోగు వాటి కొలతకు మించింది.

ఒక మనవి. మీ ఇంట్లో, చుట్టుపక్కల అప్పుడు గనుల్లో పనిచేసినవాళ్ళు ఇంకా ఉంటే, ఆయాసం వచ్చినప్పుడు డాక్టర్‌కు "ఫలానా గనిలో పనిచేశాను" అని ముందే చెప్పమనండి. ఆ మాట చెప్పకపోతే మామూలు దగ్గు అనుకునే అవకాశం ఎక్కువ. పొగ తాగే అలవాటు ఉంటే మానిపించండి, రాతినార దుమ్ము పీల్చినవాళ్ళకు పొగ కూడా తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు చాలా పెరుగుతుంది.

పులివెందుల వాసి

అర్థమైంది మేడం. ఇంతవరకు ఎవరూ ఇట్లా విడమరిచి చెప్పలేదు. మా ఊర్లో ఇద్దరు ముగ్గురు పెద్దోళ్ళు ఉన్నారు, పోయి మాట్లాడతాను. వాళ్ళలో ఒకాయన ఇప్పటికీ బీడీ మానలేదు.

కడప ఎమ్మెస్సీ

అన్నా, మీ పెద్దనాన్న గారి సంగతి సెమినార్‌లో పేరు చెప్పకుండా చెప్పొచ్చా? మాది కూడా కడప జిల్లానే, క్లాసులో సగం మందికి ఆ గనుల సంగతి తెలియదు.

మేడం, బొమ్మ గీశాను. అడుగున పిప్2 తగ్గడానికి పీటెన్ అనే ఫాస్ఫటేజ్ బాణం పెట్టాను. ఇది సరైందేనా? ఇంకా సీఆర్3 రిసెప్టర్ ద్వారా మింగినప్పుడు కూడా ఇదే కథా? మా సార్ కచ్చితంగా అడుగుతారు.

పులివెందుల వాసి

చెప్పండి తల్లీ. గని పనోళ్ళ గురించి చదువుకున్న పిల్లలు మాట్లాడితే మాకు సంతోషమే.

కేసీ కెనాల్

పీటెన్ బాణం తీసెయ్యి. పీటెన్ పిప్3 మీది 3వ ఫాస్ఫేట్‌ను దించి మళ్ళీ పిప్2నే ఇస్తుంది, అంటే నువ్వు గీసినదానికి సరిగ్గా ఎదురు పని. పిప్3ని వేరే దారి పట్టించేది షిప్1, అది 5వ ఫాస్ఫేట్‌ను దించి 3, 4 స్థానాల్లో ఫాస్ఫేట్లు ఉన్న లిపిడ్‌ను ఇస్తుంది. అడుగున పిప్2 తగ్గడానికి రెండే బాణాలు పెట్టు, ఫాస్ఫోలైపేజ్ సీ గామా, పిఐ3 కైనేజ్. ఫాగోసోమ్ మూసుకున్నాక మిగిలిన పిప్2ను దించడానికి ఓసీఆర్‌ఎల్ లాంటి ఫాస్ఫటేజ్‌లు వస్తాయి, అది తర్వాతి స్లైడ్‌లో చెప్పు.

సీఆర్3 కథ వేరు. కాంప్లిమెంట్ అనే రక్త ప్రొటీన్లు పూసిన కణాన్ని అది పట్టుకుంటుంది. 1998లో కారోన్, హాల్ చూపించిన ప్రకారం ఎఫ్‌సీ గామా రిసెప్టర్‌కు రాక్, సీడీసీ42 కావాలి, సీఆర్3కి రో అనే సిగ్నల్ ప్రొటీన్ కావాలి. చూడటానికి కూడా తేడా ఉంటుంది: మొదటిదాంట్లో త్వచం పైకి లేచి చుట్టుకుంటుంది, రెండోదాంట్లో కణం మెల్లగా లోపలికి దిగబడినట్టు ఉంటుంది. తర్వాత వచ్చిన పరిశోధనల్లో ఈ గీత అంత ఖచ్చితంగా లేదని తేలింది, సార్ లోతుగా అడిగితే అది కూడా చెప్పు. నేను పైన రాసిందంతా యాంటీబాడీ పూసిన పూసల మీద, గొర్రె ఎర్ర కణాల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. కాబట్టి మొదటి స్లైడ్ మీదే "ఎఫ్‌సీ గామా రిసెప్టర్ ద్వారా" అని పెద్దక్షరాల్లో రాసిపెట్టు. బొమ్మ మార్చి ఇక్కడ పెడితే రేపు సాయంత్రం కాలేజీ అయ్యాక చూస్తాను.